బడి చెత్త ఎటు పోతుంది: ఒక విద్యా సంవత్సరపు ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచిన కొత్తలో

వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లే దారిలో ఉన్న మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చెత్తను తగ్గించి, మిగిలినదాన్ని మళ్లీ వాడకంలోకి పంపే పనిని ఈ ఏడాది హరితసేన (బడిలోని పర్యావరణ బృందం) పిల్లలతో మొదలుపెడుతున్నాం. నేను జీవశాస్త్రం చెబుతాను. గణితం మేడమ్ లెక్కలు చూస్తానన్నారు, తెలుగు సార్ కాగితాల సంగతి తనకు వదిలేయమన్నారు. బడుల్లో ఇలాంటి కార్యక్రమం అనగానే ముందుగా ఎర్ర, పచ్చ, నీలి డబ్బాలు కొనడం, వాటి పక్కన వరుసగా నిలబడి ఫొటో దిగడం ఆనవాయితీ. నెల తిరిగేసరికి ఆ మూడు డబ్బాల్లోనూ ఒకే రకం చెత్త ఉంటుంది, మూడింటినీ ఒకే గుంతలో గుమ్మరిస్తారు. అందుకని డబ్బాల కొనుగోలును పక్కన పెట్టి ఒక నియమం పెట్టుకున్నాం: బడిలో పుట్టే ఏ వస్తువునైనా గేటు దాటాక ఎవరు తీసుకుంటారో, దానితో ఏం చేస్తారో తేలిన తర్వాతే దానికి ప్రత్యేకంగా ఒక సంచి పెట్టాలి. తీసుకునే మనిషి దొరకని వస్తువును ఎంత శ్రద్ధగా వేరు చేసినా ప్రయోజనం లేదు కాబట్టి దాన్ని అసలు లోపలికి రాకుండా చూడాలి.

ప్రస్తుతం ప్రహరీ గోడ వెనుక మూలన ఒక గుంత ఉంది. ఊడ్చిన ఆకులు, చింపిన కాగితాలు, చిప్స్ పొట్లాలు అన్నీ అందులోనే పడతాయి, గుంత నిండినప్పుడల్లా అంటుపెడతారు. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించింది. మామూలుగా తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా అని ఆ ఉత్తర్వులో ఉంది. ఆ మాట వినగానే హెచ్‌ఎం సార్ గుంతను వెంటనే పూడ్చేయమన్నారు. పూడ్చేస్తే రేపటి చెత్త ఎక్కడ పోయాలన్నదానికి మా దగ్గర ఇంకా జవాబు లేదు. కాబట్టి ముందు తూకం, తర్వాత పూడిక అని అనుకున్నాం.

జూన్, చివరి వారం

పత్తి తూచే వేలాడే కాటాను ఒక విద్యార్థి తండ్రి ఇచ్చారు. వారం పాటు ఏ రోజు చెత్తను ఆ రోజే పరదా మీద పరిచి, చేతికి తొడుగులు వేసుకుని, రకాలుగా విడదీసి తూచాం. దాదాపు 350 మంది పిల్లలున్న మా బడిలో మామూలు రోజున 20 కిలోల దాకా చెత్త వస్తోంది. అందులో సగానికి పైగా వంటగది నుంచి, భోజనాల దగ్గర నుంచి వచ్చేదే: మిగిలిన అన్నం, కంచాల్లో వదిలేసిన సాంబారు ముక్కలు, కూరగాయల తొక్కలు, గుడ్డు పెంకులు. తర్వాతి స్థానం రాలిన ఆకులది, ఆ తర్వాత కాగితానిది. ప్లాస్టిక్ బరువు కిలోకు కాస్త అటూ ఇటూగానే తేలింది.

ఇక్కడ గణితం మేడమ్ ఒక మంచి మాట అన్నారు. తూకంలో చిప్స్ పొట్లాలు లెక్కలోకే రావడం లేదు, కానీ మైదానంలో నడిచే మనిషి కంటికి అవి తప్ప మరేమీ కనిపించవు. అందువల్ల వాటిని తూకంతో కాకుండా సంఖ్యతో లెక్కపెట్టాలని ఆమె పట్టుబట్టారు. పెన్నుల విషయంలోనూ అదే పద్ధతి అనుసరించాం. ఈ రెంటికీ తూకం పట్టికలో వేరే గడులు గీశాం.

గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి మాకు దూరం కాదు. ప్రతి పనికీ ఒక కమిటీ వేసుకుని ఊరిని నడుపుకున్న గ్రామంగా దానికి పేరుంది. ఆ పద్ధతిలోనే మా పిల్లలు కూడా అన్నం కమిటీ, కాగితం కమిటీ, పొట్లాల కమిటీ, ఆకుల కమిటీ అని తమకు తామే పేర్లు పెట్టుకున్నారు. పొట్లాల కమిటీలో చేరడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు.

జులై

ఈ నెలంతా అన్నం దగ్గరే గడిచింది. ఎక్కువ తూకం దానిదే, తగ్గించడానికి ఎక్కువ అవకాశం కూడా దానిలోనే ఉంది.

మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాములు, ఆ పై తరగతులవారికి 150 గ్రాముల బియ్యం లెక్క. 150 గ్రాముల బియ్యం ఉడికితే సుమారు 400 గ్రాముల అన్నం అవుతుంది. అంటే అనుకున్నదానికంటే 20 మంది పిల్లలు తక్కువ వచ్చిన రోజున 3 కిలోల బియ్యం, దాదాపు 8 కిలోల అన్నం మిగులుతుంది. కంచాల్లో వదిలేసినదాన్నీ గిన్నెల్లో మిగిలినదాన్నీ వేర్వేరుగా తూచిన తర్వాత, పిల్లలు పారేయడం కంటే హాజరు అంచనా తప్పడమే పెద్ద కారణమని తేలింది. ‘అన్నం పారేయకండి’ అని గోడ మీద ఎన్ని నినాదాలు రాసినా ఈ భాగం తగ్గదు. వంట అక్కలు పది గంటల లోపే ఎసరు పెడతారు, హాజరు సంఖ్య మాత్రం రెండో పీరియడ్ అయ్యాక గానీ వాళ్లకు చేరడం లేదు. అందుకే వాళ్లు నిన్నటి సంఖ్యకు కాస్త కలిపి వండుతున్నారు. అది వాళ్ల తప్పు కాదు, బియ్యం తక్కువై ఒక పిల్లవాడు ఆకలితో లేచిపోయే రోజు కంటే పది కంచాల అన్నం మిగిలే రోజే నయమని వంటచేసే ఎవరైనా అనుకుంటారు.

ఇప్పుడు ప్రార్థన ముగిసిన వెంటనే ప్రతి తరగతి నాయకుడు ఒకవైపు వాడిన కాగితపు చీటీ మీద సంఖ్య రాసి వంటగది కిటికీ దగ్గరి మేకుకు గుచ్చుతున్నాడు. ఆలస్యంగా వచ్చే బస్సు పిల్లల కోసం ఒక సంఖ్య అదనంగా కలుపుతాం. వడ్డనలో కూడా మొదటిసారి కొంచెం తక్కువ పెట్టి, అడిగినవాళ్లకు రెండోసారి వడ్డించే పద్ధతి మొదలైంది. ఐదో తరగతి దాటి కొత్తగా మా బడికి వచ్చిన ఆరో తరగతి పిల్లలకు ఇది ముఖ్యంగా ఉపయోగపడింది, ఎందుకంటే పై తరగతి పిల్లలకు పెట్టినంత వాళ్లు తినలేరు, తినలేమని చెప్పడానికీ జంకుతారు. నెలాఖరుకు గిన్నెల్లో మిగిలేది మునుపటిలో మూడో వంతుకు దిగింది. సాంబారు రోజున కంచాల్లో మిగిలే ములక్కాడ పిప్పి తగ్గేది కాదు, తగ్గాల్సిన అవసరమూ లేదు.

ఆ మిగిలిన మూడో వంతు ఏమవ్వాలి? దానికి జవాబు ఊళ్లోనే ఉంది. బడి వెనుక వీధిలో బర్రెలున్న రెండు ఇళ్లవారు గంజి, బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన అన్నం కుడితికి తీసుకుపోతామన్నారు. మూత ఉన్న రెండు బకెట్లు వాళ్లే ఇచ్చారు. ఒక జాగ్రత్త మాత్రం పిల్లలకు చెప్పి రాయించాను: పశువుకు ఒకేసారి ఎక్కువ అన్నం పెడితే అది పొట్టలో వేగంగా పులిసి ఆమ్లం పెరుగుతుంది, మేత మానేస్తుంది, ముదిరితే ప్రాణానికే ముప్పు. అందుకని బకెట్‌లో గంజీ నీళ్లే ఎక్కువ ఉండాలి, అన్నం కొద్దిగానే వేయాలి, గుడ్డు ముక్కలు అసలు పడకూడదు. అన్నం ఎక్కువ మిగిలిన రోజున ఆ ఎక్కువ భాగం ఎరువు తొట్టికి వెళ్లాలి. తొట్టి ఇంకా కట్టలేదు.

ఆగస్టు

కట్టాం. నాడెప్ తొట్టి అంటే ఈ ప్రాంత రైతులకు తెలియనిది కాదు. మహారాష్ట్రకు చెందిన నారాయణ్ దేవ్‌రావ్ పాంఢరీపాండే రూపొందించిన ఆ పద్ధతిలో పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున ఇటుకల మధ్య సందులు వదిలి గోడ కడతారు, ఆ సందుల్లోంచి గాలి ఆడుతుంది. మాకు అంత పెద్దది అక్కర్లేదు కాబట్టి అందులో సగం కొలతతో, మధ్యలో అడ్డుగోడ పెట్టి రెండు గదులుగా కట్టించాం. ఒకటి నిండుతుండగా రెండోది మాగాలి. ఇటుకలు బడి మరమ్మతుల్లో మిగిలినవి, మేస్త్రీ ఈ ఊరివాడే, మా పూర్వ విద్యార్థి.

అసలు ఇబ్బంది ఎండుటాకుల దగ్గర వచ్చింది. వంటగది వ్యర్థంలో నత్రజని ఎక్కువ, తడి ఎక్కువ. ఎరువు సరిగా మాగాలంటే ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కార్బన్ ఉండాలి, దాన్ని ఎండుటాకులో గడ్డో ఇవ్వాలి. కానీ బడిలోని కానుగ, వేప, బాదం చెట్లు ఆకు రాల్చేది ఎండాకాలం మొదట్లో. అప్పుడు రాలినదంతా ఇంతకుముందే గుంతలో కాలిపోయింది. వానాకాలంలో తడి చెత్తకు జోడించడానికి పొడి సరుకు బడిలో ఎక్కడా లేదు. ఆకుల కమిటీ పిల్లలు తమ ఇళ్ల నుంచి వరిగడ్డి తెచ్చారు. దాన్ని జానెడు ముక్కలుగా నరికి, ఒక బకెట్ తడి చెత్తకు మూడు బకెట్ల గడ్డి చొప్పున పొరలు వేసి, మొదటి పొరపై పేడనీళ్లు చల్లాం. మిల్లు నుంచి ఊక తెస్తామని కొందరన్నారు గానీ ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి అది త్వరగా కుళ్లదు. దాన్ని వద్దన్నాను.

భౌతికశాస్త్రం ప్రయోగశాలలోని థర్మామీటరును సన్నని ఇనుప గొట్టంలో దింపి కుప్ప మధ్యలో వేడి చూడటం పిల్లలకు బాగా నచ్చిన పని. మొదటి వారం దాటేలోపే 58 డిగ్రీలు చూపించింది. పాఠంలో చదివిన సూక్ష్మజీవుల శ్వాసక్రియ అక్కడ చేతికి వేడిగా తగిలింది. 55 డిగ్రీలు దాటిన వేడి కొన్ని రోజులు నిలిస్తే కలుపు గింజలూ రోగకారక క్రిములూ చాలావరకు నశిస్తాయి. వేడి తగ్గినప్పుడల్లా కుప్పను తిరగేయాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు కారాలి, ధార కడితే తడి ఎక్కువైనట్టు. నెల మధ్యలో ముసురు పట్టి గడ్డి కూడా నానిపోయినప్పుడు ముక్కు మూసుకునే వాసన వచ్చింది. అమ్మోనియా ఘాటు వస్తే పొడి సరుకు చాలనట్టు, పుల్లటి కుళ్లు వాసన వస్తే గాలి చాలనట్టు. మాది రెండో రకం. రేకు కప్పి, కుప్పను తిరగేసి, పాత జవాబు పత్రాల ముక్కలు కలిపాక సర్దుకుంది.

కోతుల సంగతి ఏ కంపోస్టు పుస్తకంలోనూ రాయరు. మా ప్రాంతంలో పత్తి, మక్క చేలను కాపాడుకోవడమే కష్టంగా ఉన్నప్పుడు గుడ్డు పెంకులూ అన్నం మెతుకులూ వాటి కంటపడకుండా ఉంటాయా? తొట్టి పైన ఇనుప జాలీ చట్రం బిగించి, రెండు వైపులా గొళ్లెం పెట్టించాం. ఒక్క గొళ్లేన్ని అవి తీయగలవు. గుడ్డు పెంకులను వేరే గోనెలో ఎండబెట్టి, రోట్లో పొడి చేసి కలుపుతున్నాం. పెంకు దాదాపు మొత్తం కాల్షియం కార్బనేటే కాబట్టి మొక్కలకు మంచిదే, నలగ్గొట్టకుండా వేస్తే మాత్రం ఏడాదైనా అలాగే ఉంటుంది.

స్వాతంత్ర్య దినోత్సవానికి ప్లాస్టిక్ జెండాలు తేవద్దని ముందే చెప్పాం. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో జెండాలు కూడా ఉన్నాయి. పిల్లలు కాగితపు జెండాలే తెచ్చారు, కార్యక్రమం కాగానే వాటిని పోగుచేసి భద్రపరిచాం.

సెప్టెంబరు

గేటు ఎదురుగా ఒక అవ్వ నడిపే చిన్న దుకాణం ఉంది. పొట్లాల కమిటీ లెక్కలో వారంలో పోగయిన చిప్స్ పొట్లాల్లో ఎక్కువ భాగం ఐదు రూపాయలవే, దాదాపు అన్నీ ఆ దుకాణంలో కొన్నవే. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. దాన్ని చూపించి దుకాణం మూయించడం సులువే. కానీ ఆమె బతుకుదెరువు అదొక్కటే, పైగా ఆ దుకాణం మూస్తే పిల్లలు మూల మలుపు దాటి మరో దుకాణానికి వెళ్తారు. తెలుగు సార్, నేను కలిసి వెళ్లి మాట్లాడాం. ‘పొట్లం మీద నాకేం మిగుల్తది సారూ, పిల్లలు అడుగుతున్రని తెస్తున్న. పల్లీలు, ప్యాలాలు అమ్మితే తింటరా మరి?’ అని ఆమె అడిగింది. తింటారో లేదో చూద్దామని చెప్పి, ఉడికించిన పల్లీలు, మక్క ప్యాలాలు, బటానీలు కాగితపు పొట్లాల్లో పెట్టమన్నాం. అచ్చు సిరా ఉన్న కాగితంలో తినే వస్తువు పెట్టకూడదు కాబట్టి, గీతలు మాత్రమే ఉన్న ఖాళీ నోటుపుస్తకపు పేజీలను కాగితం కమిటీ ఇస్తోంది. చిప్స్ అమ్మకం పూర్తిగా ఆగలేదు, కానీ మైదానంలో దొరికే పొట్లాల సంఖ్య సగానికి తగ్గింది. వానరోజున వేడి పల్లీలకు ఉన్న గిరాకీ చిప్స్‌కు లేదని అవ్వ స్వయంగా చెప్పింది.

మిగిలిన పొట్లాలను ఏం చేయాలన్న చర్చ పిల్లల మధ్య చాలాసేపు సాగింది. నీళ్ల సీసాలో పొట్లాలు కుక్కి ‘ఎకో ఇటుక’ చేద్దామని, దానితో చెట్టు చుట్టూ అరుగు కడదామని కొందరు అన్నారు. చాలా బడుల్లో ఇది చేస్తున్నారు. నా అభిప్రాయం వేరు. ఖాళీ నీళ్ల సీసాకు కొనేవాడు ఉన్నాడు, అది మళ్లీ దారంగానో పట్టీగానో మారుతుంది. చిప్స్ పొట్లం పలుచని ప్లాస్టిక్ పొరలకు అల్యూమినియం పూత పట్టించి అతికించినది, ఆ పొరలను విడదీయడం సాధ్యం కాదు కాబట్టి కొనేవాడు లేడు. అమ్ముడుపోయే వస్తువులో అమ్ముడుపోనిదాన్ని కుక్కితే రెండూ చెత్తే అవుతాయి. అరుగు ఎండకు పగిలిన రోజున ఆ ముక్కలు మళ్లీ మన మట్టిలోకే వస్తాయి. ఇలాంటి పొట్లాలను సిమెంటు బట్టీల్లో ఇంధనంగా కాల్చవచ్చు, అక్కడి వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది. బసంత్‌నగర్, దేవాపూర్ వంటి చోట్ల మన ఉత్తర తెలంగాణలోనే సిమెంటు కర్మాగారాలున్నాయి. కానీ ఒక బడి గోనెసంచి నేరుగా అక్కడికి చేరే దారి లేదు. పెద్ద మొత్తంలో పోగుచేసి పంపే వ్యవస్థ నగరపాలికలకో, 2022 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం బాధ్యత ఉన్న ప్యాకెట్ల తయారీ కంపెనీలకో ఉండాలి. అందుకని మా పొట్లాలు దులిపి, మడిచి, గోనెలో పడి పంచాయతీ ట్రాక్టరు కోసం ఎదురుచూస్తున్నాయి.

సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడారు. బంతి, తంగేడు, గునుగు పూలు తర్వాత తొట్టికి వచ్చాయి. రంగు అద్దిన గునుగును మాత్రం పక్కన పెట్టాం, ఆ రంగుల్లో ఏముందో పొట్లం మీద రాయరు.

అక్టోబరు, నవంబరు

దసరా సెలవుల తర్వాత పత్తి ఏరే రోజులు మొదలయ్యాయి, హాజరు ఒక్కో రోజు ఒక్కోలా ఉంది. ప్రార్థన చీటీ లేకపోతే ఈ రెండు నెలల్లో గిన్నెలు నిండుగా మిగిలేవి. వంట అక్కలే ఇప్పుడు చీటీ ఆలస్యమైతే తరగతి గది దాకా వచ్చి అడుగుతున్నారు.

2019లో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలైన తర్వాత గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, ఊరి బయట డంపింగ్ యార్డులు, చెత్త వేరుచేసే షెడ్లు వచ్చాయి. మా ఊళ్లోనూ ఉన్నాయి. ట్రాక్టరు మీద వచ్చే పారిశుధ్య కార్మికుడు మా గోనెలు చూసి నవ్వి, ‘గింత కష్టపడి ఏరుడెందుకు సార్, ట్రాక్టర్ల పోసినంక అన్నీ ఒక్కతాన్నే కలుస్తయి గదా’ అన్నాడు. అతను అన్నది నిజం. హన్మకొండ నుంచి వచ్చే గణితం మేడమ్, 2012 అక్టోబరులో వరంగల్ నగరంలో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ పేరిట ఇంటింటి నుంచి తడి, పొడి చెత్తను వేర్వేరుగా సేకరించిన సంగతి గుర్తుచేశారు. బండిలోనే రెండు అరలు లేకపోతే ఇంట్లో రెండు డబ్బాలు ఉండి లాభం లేదని ఆమె వాదన. పంచాయతీ కార్యదర్శిని కలిసి, ట్రాలీ వెనుక మూడో వంతుకు చెక్క పలకతో అడ్డు పెట్టించమని కోరాం. పలక మా బడి విరిగిన బెంచీది. ఇప్పుడు శనివారం పొద్దున పొడి గోనెలు ఆ అరలోకి వెళ్లి, షెడ్డులో దిగుతున్నాయి. షెడ్డు నుంచి ముందుకు ఎప్పుడు కదులుతాయన్నది పంచాయతీ చేతిలో ఉంది, మధ్యమధ్య అడుగుతూ ఉండాలి.

అమ్ముడుపోయే సరుకు సంగతి సులభంగానే తేలింది. నర్సంపేట నుంచి వారం వారం తిరిగే పాత సామాన్ల బండి అతను తెల్ల కాగితం, అట్టపెట్టెలు, రంగులేని సీసాలు వేర్వేరుగా ఇస్తే కలిపి ఇచ్చినదానికంటే మంచి ధర ఇస్తానన్నాడు. సీసా మూతలు కూడా విడిగా కావాలన్నాడు. మూత వేరే ప్లాస్టిక్ అని చూపించడానికి ఒక బకెట్ నీళ్లు చాలింది. సీసా ముక్క మునిగింది, మూత తేలింది. సీసా అడుగున త్రిభుజంలో 1 అని, మూత లోపల 2 అనో 5 అనో ఉండటం పిల్లలు తామే వెతికి పట్టుకున్నారు. నీళ్లలో మునిగిన పారదర్శకమైన పెన్ను గొట్టం చిక్కటి ఉప్పునీళ్లలో తేలడం చూసి తొమ్మిదో తరగతివాళ్లు సాంద్రత పాఠాన్ని మళ్లీ తెరిచారు. అది పాలీస్టైరీన్.

ఆ పెన్నులే ఇప్పుడు మాకు తలనొప్పి. గొట్టం ఒక ప్లాస్టిక్, రీఫిల్ ఇంకొకటి, ములికి ఇత్తడి, లోపల మిగిలిన సిరా. బండి అతను ఉచితంగా ఇచ్చినా వద్దన్నాడు. తీసుకునేవాడు లేడు కాబట్టి నియమం ప్రకారం వాటికి డబ్బా పెట్టకూడదు, రాకుండా చూడాలి. రీఫిల్ మార్చుకునే పెన్నులు వాడమని చెబుతున్నాం, రీఫిళ్లను సహకార పద్ధతిలో టోకున తెచ్చి కొన్న ధరకే ఇస్తున్నాం. సిరా పెన్ను వాడాలన్న నా ప్రతిపాదనకు పదో తరగతి నుంచి ఒక్క ఓటు కూడా పడలేదు. పరీక్షల్లో చేయి నొప్పి పెడుతుందట.

బాలికల మరుగుదొడ్ల విషయాన్ని గణితం మేడమ్ ఆయమ్మతో, పై తరగతుల అమ్మాయిలతో మాట్లాడి చూసుకుంటున్నారు. వాడిన ప్యాడ్లను కాగితంలో చుట్టి వేయడానికి మూత ఉన్న డబ్బా, చుట్టడానికి పాత వార్తాపత్రిక ముక్కలు అక్కడ ఉంటాయి. చిన్న యంత్రంలో కాల్చేద్దామన్న సూచనను ఆమె ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ పొర ఉన్న ప్యాడ్ తక్కువ వేడిలో కాలితే విషవాయువులు వస్తాయి, ఆ పొగ పక్క తరగతి గదిలోకే పోతుంది.

జనవరి

గణతంత్ర దినోత్సవానికి వచ్చిన అతిథులకు టీ స్టీలు గ్లాసుల్లో ఇచ్చాం. కాగితపు కప్పు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, దాన్ని బండి అతను కాగితంగా తీసుకోడు. భోజనాలకు మోదుగ ఆకు విస్తర్లు తెప్పించాం. అవి తొట్టిలో నెల తిరక్కముందే కరిగిపోతాయి, కుట్టిన పుల్లలు మాత్రం మిగులుతాయి.

మొదటి గది ఎరువు జల్లెడ పట్టాం. నల్లగా, తడి మట్టి వాసనతో వచ్చింది. వంటగది వెనుక మళ్లలో వేసిన పుంటికూర, పాలకూర, తోటకూరకు అదే ఎరువు. ఆకుకూర పప్పు వండే రోజున కొంత కూర అక్కడి నుంచే తీసుకుంటున్నారు.

ఫిబ్రవరి, మార్చి

కానుగలు ఆకు రాల్చడం మొదలుపెట్టాయి. ఈసారి ఒక్క ఆకు కూడా కాలకూడదన్నది ఆకుల కమిటీ పంతం. వెదురు కర్రలు పాతి, చుట్టూ పాత కంచె జాలీ బిగించి, ఛాతీ ఎత్తున ఆకుల గాదె కట్టారు. తొక్కి నింపితే చాలా పడుతుంది. వానాకాలమంతా తొట్టికి కావలసిన పొడి సరుకు ఇదే. టేకు ఆకులను విడిగా ఉంచాం, అవి మందంగా ఉండి కుళ్లడానికి ఎక్కువ కాలం తీసుకుంటాయి. గాదెకు రెండు గజాల దూరంలో బీడీ కూడా ముట్టించవద్దని ఆయమ్మ భర్తతో సహా అందరికీ చెప్పాం. ఒంటిపూట బడులు మొదలయ్యాక చీటీ వేళ మార్చాల్సి వచ్చింది.

గుంతను ఈ నెలలో పూడ్చాం. హెచ్‌ఎం సార్ దాని మీద మునగ నాటించారు. అందులోని బూడిదలో కరగని ప్లాస్టిక్ ఎంతో ఉందని, కూరగాయలు వద్దని నేను అన్నాను. మునగ కూడా తినేదే కదా అని ఎనిమిదో తరగతి పాప అడిగింది. మునగను తీసి మళ్లలోకి మార్చి, ఆ చోట వేప నాటాం.

ఏప్రిల్

చివరి పనిదినాల ముందు తెలుగు సార్ కాగితం కమిటీతో నోటుపుస్తకాలు పోగుచేయించారు. ఏటా సగం రాసిన పుస్తకాలే ఎక్కువ తూకానికి పోతాయి. రాయని పేజీలను జాగ్రత్తగా విప్పి, గీతలవీ గళ్లవీ తెల్లవీ వేరు చేసి, దబ్బనంతో రంధ్రాలు పొడిచి, మైనం రుద్దిన దారంతో కుట్టి, పాత అట్టపెట్టెల ముక్కలతో అట్టలు వేశారు. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం బైండింగువాళ్ల పాత అలవాటు. అది విషం కాబట్టి ఆ కలిపే పని సార్ స్వయంగా చేసి, ఆరేదాకా జిగురు గిన్నెను తాళం వేసిన గదిలో ఉంచారు. తయారైన చిత్తు పుస్తకాలు వచ్చే జూన్‌లో ఆరో తరగతిలో చేరేవాళ్లకు. పాత సామాను అమ్మిన డబ్బు దారానికి, రీఫిళ్లకు, తొట్టి జాలీకి సరిపోయింది, అంతకుమించి మిగల్లేదు.

సెలవుల్లో తొట్టికి నీళ్లు చల్లే పని కుడితి తీసుకెళ్లే ఇంటివారు ఒప్పుకున్నారు. బదులుగా వాళ్ల పెరటికి రెండు తట్టల ఎరువు. సైన్సు గది అల్మారా పైన కాలిపోయిన ట్యూబులైట్లు వాటి అట్టగొట్టాల్లోనే ఉన్నాయి. వాటిలో పాదరసం ఉంటుంది, ఈ-వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి, పాత సామాన్ల బండికి ఇస్తే అతను అద్దం పగలగొట్టి చివరల లోహం తీసుకుంటాడు. అవి అక్కడే, పగలకుండా, ఉండాలి. మండలంలోని మిగతా బడులవి కూడా కలిపి అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికి ఒకే విడతలో పంపే విషయం జూన్‌లో జరిగే స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల) సమావేశంలో హెచ్‌ఎం సార్ అడుగుతారు.